పిల్లలు 'అర్థమైంది మేడం' అంటారు, పేపర్లో మాత్రం రాయరు. ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: నేను గుంటూరులో ఉంటూ ప్రత్తిపాడు వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల స్కూల్ అసిస్టెంటుగా చేస్తున్నాను. సర్వీసు 14 ఏళ్ళు. ఎనిమిదో తరగతిలో 40 మంది ఉన్నారు. పాఠం చెబుతుంటే అందరూ తలూపుతారు. 'అర్థమైందా' అంటే 'అర్థమైంది మేడం' అంటారు. ఎఫ్ఏ (ఏడాది మధ్యలో బడిలో పెట్టే ఫార్మేటివ్ అసెస్‌మెంట్ పరీక్ష) పేపర్లు దిద్దితే సగం మందికి పూర్ణసంఖ్యల కూడికలు, తీసివేతలే రావడం లేదు. దీక్షలో (టీచర్ల శిక్షణకు వాడే ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక) వచ్చిన కోర్సులన్నీ పూర్తి చేశాను. సర్టిఫికెట్లు వచ్చాయి గానీ తరగతిలో ఏమీ మారలేదు. వాట్సాప్ గ్రూపుల్లో వచ్చిన పీడీఎఫ్‌లు కొండవీటి చాంతాడంత ఉన్నాయి, తెరిచి చూసే తీరిక లేదు. నేను తెలుగు మీడియంలో చదువుకున్నాను, ఇంగ్లిష్‌లో చెప్పాలంటే ఇప్పటికీ తడబడతాను. ఏ యాప్‌లు వాడాలి? ఏ కోర్సు చేయాలి? ట్యాబ్ కొనుక్కోమంటారా?
(పేరు రాయవద్దన్నారు)

సమాధానం:

టీచరు గారూ, మీరు యాప్‌ల గురించి అడిగారు. వాటి సంగతి తర్వాత చెబుతాం. మీ ఉత్తరంలో 'తలూపుతారు' అన్న మాట దగ్గర ముందు ఆగాలి. తలూపడం మర్యాద. దాన్నిబట్టి అర్థమైందో లేదో తెలియదు. ఎనిమిదో తరగతి పిల్లాడు 39 మంది ముందు 'అర్థం కాలేదు మేడం' అనడు, అనలేడు. అందుకే వాడికి అర్థం కాలేదన్న సంగతి మీకు ఎఫ్ఏ పేపర్లోనే తెలుస్తోంది. అప్పటికి నెల గడిచిపోయి ఉంటుంది, పాఠం ముందుకు వెళ్ళిపోయి ఉంటుంది.

మీరు చేసిన కోర్సులు చెడ్డవి కావు. కానీ కోర్సుకూ మీ తరగతికీ మధ్య వంతెన లేదు. పిల్లలు ఈరోజు ఏమనుకున్నారో ఈరోజే కాగితం మీద చూసి, రేపటి పాఠంలో ఒక్కటి మార్చడమే ఆ వంతెన. కింద చెప్పినవన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి.

చీటీలతో మొదలుపెట్టండి. ఒక ఏ4 కాగితాన్ని నాలుగు ముక్కలు చేస్తే 40 మందికి 10 కాగితాలు సరిపోతాయి. వారానికి రెండుసార్లు పెడితే 20 కాగితాలు. 500 కాగితాల కట్ట ఒకటి 25 వారాలు వస్తుంది. ఒకవైపు వాడేసిన పాత పేపర్లుంటే ఆ ఖర్చూ ఉండదు. పీరియడ్ బెల్లుకు 6 నిమిషాల ముందు చీటీలు పంచి, బోర్డు మీద ఒకే ఒక్క లెక్క రాయండి. దాని కింద 'ఎలా చేశావో ఒక్క ముక్క రాయి' అని రాయండి. వెనకవైపు రోల్ నంబర్ వేయమనండి. 3 నిమిషాలు చాలు. మిగతా సమయం చీటీలు తీసుకోవడానికి.

చీటీలకు మార్కులు వేయకండి. ఎర్ర పెన్ను కూడా తీయకండి. మార్కులు వేస్తారని తెలిసిన మరుక్షణం పిల్లలు పక్కవాడి చీటీ చూస్తారు. అప్పుడు మీ చేతికొచ్చేవి 40 చీటీలే అయినా అందులో ఉండేది ముగ్గురి జవాబే. బెల్లు కొట్టాక చీటీలు ఇవ్వడం కూడా పొరపాటే. సంచి సర్దుకుంటూ గీకిన జవాబుతో వాడి ఆలోచన మీకు అందదు.

లీజర్ పీరియడ్‌లో కూర్చుని చీటీలను మూడు కుప్పలుగా వేయండి. ఒకటి జవాబూ పద్ధతీ సరిగా ఉన్నవి. రెండోది తప్పైనా, ఎలా తప్పారో కనిపిస్తున్నవి. మూడోది ఖాళీవి, అర్థం కానివి. చేయి అలవాటు పడ్డాక 40 చీటీలకు పది నిమిషాలు పట్టదు. మీ అసలు పాఠ్యపుస్తకం ఆ రెండో కుప్పే. 40 మందిలో 10 మందికి పైగా ఒకే రకంగా తప్పితే మర్నాడు తరగతి మొత్తానికీ మళ్ళీ చెప్పాలి. ఐదారుగురే అయితే, మిగతావాళ్ళు అభ్యాసం చేసుకుంటున్నప్పుడు వాళ్ళను బోర్డు పక్కకు పిలిస్తే సరిపోతుంది. మూడో కుప్పలోని పిల్లలతో విడిగా మాట్లాడాల్సిందే. ఖాళీ చీటీ అంటే బద్ధకం అనుకోకండి. లెక్క చదవడమే రాకపోవచ్చు, నిన్న బడికి రాకపోయి ఉండొచ్చు.

మీరు ప్రస్తావించిన పూర్ణసంఖ్యలనే తీసుకుందాం. బోర్డు మీద –3 – 5 = ? అని రాశారనుకోండి. సరైన జవాబు –8. చీటీల్లో మీకు మామూలుగా కనిపించే తప్పులు మూడు: 8, 2, –2. పైకి మూడూ 'రాలేదు' అన్నట్టే ఉంటాయి. లోపల మాత్రం వేరు వేరు.

8 రాసిన పిల్లాడు 3, 5 కూడాడు. 'మైనస్ మైనస్ ప్లస్' అని ఏడో తరగతిలో కంఠస్థం చేసిన మాటను జవాబు గుర్తుకు అంటించాడు. 2 రాసిన పిల్లదీ అదే మాట, కానీ రెండో మైనస్‌ను ప్లస్ చేసి –3 + 5 అని చదివింది. –2 రాసినవాడికి ఆ నినాదంతో సంబంధమే లేదు. మైనస్ కనబడింది కాబట్టి పెద్దదాంట్లోంచి చిన్నది తీసేసి, ముందున్న గుర్తు తగిలించాడు. మొదటి ఇద్దరికీ ఒక మందు, మూడోవాడికి ఇంకో మందు. ముగ్గురినీ కలిపి 'మళ్ళీ చెబుతాను, జాగ్రత్తగా వినండి' అంటే ఎవరికీ ఉపయోగం ఉండదు. చీటీ మీద రెండో ప్రశ్న, అంటే 'ఎలా చేశావో' అన్నది, అందుకే పెట్టమన్నాం. జవాబు ఒక్కటే చూస్తే 2 రాసిన పిల్ల సంగతి సరిగా తెలియదు. 5లోంచి 3 తీసేసి గుర్తు వేయడం మరిచిపోయినా 2 వస్తుంది.

నినాదం పట్టుకున్న పిల్లలకు మర్నాడు బోర్డు మీద మూడు లెక్కలు పక్కపక్కన రాయండి: –3 – 5, –3 – (–5), (–3) × (–5). మూడింట్లోనూ ఒకటికి మించి మైనస్‌లున్నాయి. జవాబులు –8, 2, 15. ఎక్కడ గుర్తు మారింది, ఎక్కడ మారలేదు, ఎందుకు అని ఇద్దరిద్దరుగా మాట్లాడుకోమనండి. రెండు మైనస్‌లు పక్కపక్కనే వచ్చి ఒకే సంఖ్యకు అంటుకున్నప్పుడు, లేదా రెండు రుణసంఖ్యలను గుణించినప్పుడు, భాగించినప్పుడు మాత్రమే ఆ మాట చెల్లుతుందని వాళ్ళ నోటి నుంచే రావాలి. 'మైనస్ మైనస్ ప్లస్' అన్న మాటను విడిగా, తోకలేకుండా, మీ తరగతిలో ఇక ఎప్పుడూ అనకండి. అంత నష్టం చేసే మాట లెక్కల్లో ఇంకోటి లేదు.

–2 రాసిన పిల్లలకు వాళ్ళ ఊరి లెక్కే చాలు. మిర్చి కోతలకు వెళ్ళే మనిషి 300 అడ్వాన్సు తీసుకుంది. పని మొదలుకాకముందే ఇంకో 500 తీసుకుంది. ఇప్పుడు ఎంత బాకీ? 200 అని ఏ పిల్లా చెప్పదు. ఆ తర్వాతే సంఖ్యారేఖ గీసి, –3 దగ్గర వేలు పెట్టి, ఎడమవైపు 5 గంతులు వేయించండి. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. అప్పు ఉదాహరణ కూడికకూ తీసివేతకూ బాగా పనిచేస్తుంది, గుణకారంలో కూలిపోతుంది. అప్పును అప్పుతో గుణించడమనేది లోకంలో లేదు. అక్కడ వరస చూపించాలి: 2 × –5 = –10, 1 × –5 = –5, 0 × –5 = 0. ఒక్కో మెట్టుకూ 5 పెరుగుతోంది కదా, తర్వాతి మెట్టు –1 × –5 ఎంత కావాలి? పిల్లలే 5 అంటారు.

ఇలా మూడు నాలుగు వారాలు చీటీలు చూశాక మీకే మంచి ప్రశ్నలు తయారు చేయడం వస్తుంది. తప్పు ఆలోచనతో సరైన జవాబు రాకూడదు, మంచి ప్రశ్నకు గుర్తు ఇదే. ఉదాహరణకు 0.7, 0.45లో ఏది పెద్దది అని అడిగితే, అంకెలు ఎక్కువున్నదే పెద్దదనుకునేవాడు 0.45 అని దొరికిపోతాడు. కానీ 'అంకెలు తక్కువున్నదే పెద్దది' అనుకునే పిల్లలూ ఉంటారు. పదో వంతులు వందో వంతుల కన్నా పెద్దవన్న సంగతిని వాళ్ళు సగమే పట్టుకుంటారు. వాళ్ళు 0.7 అని సరైన జవాబే చెబుతారు, మీరు టిక్కు పెట్టి ముందుకు వెళ్ళిపోతారు. అందుకని 0.7, 0.83 కూడా అడగాలి. రెండూ సరిగా చెప్పిన పిల్లకే దశాంశాలు వచ్చినట్టు. గైడ్లలో బహుళైచ్ఛిక ప్రశ్నలు దండిగా ఉంటాయి గానీ వాటి తప్పు ఆప్షన్లు చాలావరకు నోటికొచ్చిన అంకెలే. మీ తప్పు ఆప్షన్లు మీ పిల్లల చీటీల్లోంచే తీయండి.

చీటీలు పీరియడ్ చివర్లో పనికొస్తాయి. పాఠం మధ్యలో తెలుసుకోవాలంటే పలకలకు మించినది లేదు. ఎనిమిదో తరగతి పిల్లలు పలకంటే చిన్నతనంగా భావిస్తే, పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ ఫైల్ కవర్లో తెల్ల కాగితం పెట్టి, వైట్‌బోర్డ్ మార్కర్ ఇవ్వండి. చిన్న గుడ్డముక్కతో తుడిస్తే పోతుంది. విజయవాడ బీసెంట్ రోడ్డు వైపు వెళ్ళినప్పుడో, గుంటూరు అరండల్‌పేటలోనో డజన్ల లెక్కన కొనండి. ఇద్దరికి ఒకటి చొప్పున 20 చాలు. పర్మనెంట్ మార్కర్ పొరపాటున కలిసిపోకుండా చూసుకోండి, అది పడితే కవరు పోయినట్టే. మీరు 'చూపించండి' అనేదాకా కవర్లు బోర్లించి ఉంచాలి, అన్నాక అందరూ ఒక్కసారే ఎత్తాలి. ఒకరి తర్వాత ఒకరు ఎత్తితే ముందు వరస జవాబే వెనక వరస జవాబు అవుతుంది.

ప్లికర్స్ అనే యాప్ కూడా ఇదే పని చేస్తుంది. పిల్లలకు ఫోన్లు అక్కర్లేదు. ఒక్కొక్కరికీ గడుల గుర్తున్న ఒక కాగితం కార్డు ఇస్తారు. కార్డును ఏ అంచు పైకి తిప్పి పట్టుకుంటే అదే జవాబు: ఏ, బి, సి, డి. మీ ఫోన్ కెమెరాను తరగతి అంతా ఒకసారి తిప్పితే ఎవరు ఏది ఎంచారో తెరమీద వస్తుంది. ప్రతి కార్డు గుర్తూ వేరు కాబట్టి పక్కవాడిది చూసి లాభం లేదు. అసలు చిక్కులు వేరేచోట ఉంటాయి. కార్డులకు మెరిసే లామినేషన్ చేయిస్తే కిటికీ వెలుతురు పడి కెమెరా చదవదు, కాబట్టి మందపాటి మాట్ కాగితం మీద ప్రింట్ తీయించండి. పిల్లలు వేళ్ళతో గుర్తును మూసేస్తారు, అంచులు పట్టుకోవడం ముందే నేర్పండి. నెట్ కావాలి. ఉచిత ఖాతాలో ఒకసారికి పెట్టగలిగే ప్రశ్నలకు పరిమితి ఉంటుంది. అదేమీ ఇబ్బంది కాదు, పాఠం మధ్యలో రెండు ప్రశ్నలకు మించి అడగనే కూడదు. అయితే రెండు నెలలు పలకలతో నడిపాకే ఇటు రండి. ప్రశ్న మంచిదైతే పలక చాలు, ప్రశ్న పేలవమైతే ప్లికర్స్ దాన్ని కాపాడలేదు.

ఇక మరిచిపోవడం సంగతి. 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం ప్రచురించారు. కాలేజీ విద్యార్థుల్లో కొందరు ఒక పాఠాన్ని నాలుగు విడతలుగా చదివారు. ఇంకొందరు ఒక విడత చదివి, మూడు విడతలు చూడకుండా గుర్తున్నది రాశారు. 5 నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివినవాళ్ళదే పైచేయి, 83 శాతానికి 71 శాతం. వారం తర్వాత పెడితే తలకిందులైంది. చదివినవాళ్ళకు 40 శాతం గుర్తుంది, రాసినవాళ్ళకు 61 శాతం. మీ తరగతిలో జరుగుతున్నది అచ్చంగా ఇదే. పాఠం అయిన వెంటనే అందరికీ వచ్చినట్టే ఉంటుంది.

దీనికి విరుగుడు ప్రతి పీరియడ్ మొదటి 5 నిమిషాలు. హాజరు వేస్తున్నప్పుడే బోర్డు మీద నాలుగు చిన్న లెక్కలు ఉండాలి: నిన్నటిది ఒకటి, పోయిన వారానిది ఒకటి, పోయిన నెలది ఒకటి, ఈరోజు పాఠానికి అవసరమయ్యే పాతది ఒకటి. పుస్తకం మూసి చేయాలి. జవాబులు మీరు బోర్డు మీద వేస్తే వాళ్ళే దిద్దుకుంటారు. మార్కులు లేవు. ప్రశ్నల కోసం రోజూ వెతుక్కోకుండా, అట్టముక్కల మీద ఒక్కో లెక్క రాసి ఖాళీ బిస్కెట్ డబ్బాలో వేసి పెట్టుకోండి. వెనకవైపు దాని జవాబు, ఆ లెక్క ఇచ్చిన తేదీ రాయండి. పిల్లలు ఎక్కువగా తప్పిన అట్టముక్క వారంలో మళ్ళీ బయటికి రావాలి. చాలామంది టీచర్లు నాలుగూ నిన్నటి పాఠంలోంచే ఇచ్చి, 'బాగా చేస్తున్నారు' అనుకుని మోసపోతారు. పోయిన నెల లెక్క తప్పకుండా ఉండాలి. అది కష్టంగా అనిపించడమే దాని పని.

ఇప్పటిదాకా పిల్లల సంగతి చెప్పాం. మీరు నేర్చుకోవడానికి పనికొచ్చే అతి చవకైన పరికరం మీ ఫోన్లోనే ఉంది, వాయిస్ రికార్డర్. హెడ్మాస్టరుకు ముందే చెప్పి, 15 రోజులకు ఒకసారి ఒక పీరియడ్‌లో 15 నిమిషాలు రికార్డు చేయండి. ఫోన్ టేబుల్ మీద పెడితే ఫ్యాను హోరే వినబడుతుంది. మైకున్న వైరు ఇయర్‌ఫోన్‌ను పిన్నుతో భుజం దగ్గర గుచ్చుకుంటే మీ గొంతూ, పిల్లల జవాబులూ వినబడతాయి. సాయంత్రం బస్సులో గుంటూరు వచ్చేటప్పుడు అందులో 5 నిమిషాలు మాత్రమే వినండి. మొదటిసారి సొంత గొంతు విని చాలామంది అక్కడే ఆపేస్తారు. అలా ఆగిపోకుండా ఉండాలంటే గొంతును కాకుండా మూడే విషయాలను లెక్కపెట్టండి. ఎన్ని ప్రశ్నలు అడిగారు? ఒక్కో ప్రశ్న తర్వాత ఎన్ని సెకన్లు ఆగారు? జవాబు చెప్పింది ఎవరెవరు? కాగితం మీద గీతలు పెట్టుకుంటూ పొండి. లెక్క అయ్యాక ఫైలు తీసేయండి. అందులో పిల్లల గొంతులున్నాయి, ఎవరికీ పంపకూడదు.

రెండో లెక్క ముఖ్యమైనది. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల్లో తరగతుల రికార్డింగులు విని, టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకను కూడా ఆగడం లేదని గమనించారు. దాన్ని 3 సెకన్లకు పెంచితే జవాబులు పొడవయ్యాయి, చెప్పేవాళ్ళ సంఖ్య పెరిగింది, 'తెలియదు' అనడం తగ్గింది. 3 సెకన్లు వినడానికి చిన్నది, తరగతిలో నిలబడితే యుగంలా ఉంటుంది. అందుకని ప్రశ్న అడిగాక బోర్డు దగ్గర్నుంచి కిటికీ దాకా నడవండి. నడుస్తూ పేరు పిలవకండి. పేరు పిలిస్తే మిగతా 39 మంది ఆలోచించడం ఆపేస్తారు. జవాబు వచ్చాక కూడా 'వెరీ గుడ్' అనేముందు అంతే సేపు ఆగితే, రెండో పిల్ల ఏదో ఒకటి జోడిస్తుంది.

ఇవన్నీ ఎక్కడ రాయాలి? కొత్త రిజిస్టర్ పెట్టకండి, మీకు ఇప్పటికే చాలినన్ని ఉన్నాయి. 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి మీ కోసం, ఎవరికీ చూపించనక్కర్లేనిది, ఉంచుకోండి. చీటీలు పెట్టిన రోజు మూడే వాక్యాలు: ఏ లెక్క ఇచ్చాను, ఏ తప్పు ఎంతమంది చేశారు, రేపు ఏం మారుస్తాను. పాఠ్య ప్రణాళికల చివర ఉండే గడిలో మనం 'పిల్లలు చురుకుగా పాల్గొన్నారు' అని రాస్తాం. ఆ వాక్యం వచ్చే ఏడాది ఇదే పాఠం చెప్పేటప్పుడు మీకేమీ చెప్పదు. '–3 – 5కి 17 మంది 8 రాశారు. మూడు లెక్కలు పక్కపక్కన పెట్టాక 6కి తగ్గింది' అన్నది చెబుతుంది. వచ్చే జూన్‌లో ఆ పేజీ తెరిస్తే ఒక ఏడాది పని కలిసొస్తుంది. తప్పును పిల్లల మాటల్లోనే, యథాతథంగా రాయండి. 'గుర్తుల్లో గందరగోళం' అని సారాంశం రాస్తే ఆధారం పోతుంది.

తోటి టీచరు ఒకరు కావాలి. మీ బడిలో ఇంకో లెక్కల టీచరు లేకపోయినా ఫరవాలేదు, ఫిజికల్ సైన్స్ వారైతే ఇంకా మంచిది. సాంద్రత, వేగం లెక్కల్లో వాళ్ళకూ ఇవే తప్పులు తగులుతాయి. నెలకు ఒకసారి మీ పీరియడ్‌కు 20 నిమిషాలు వచ్చి కూర్చోమనండి. చూడాల్సింది మిమ్మల్ని కాదు. మీరు ముందే చెప్పిన ముగ్గురు పిల్లల్ని. వాళ్ళు ఏం రాశారు, ఎప్పుడు ఆగిపోయారు, పక్కవాళ్ళను ఏమడిగారు, ఇంతే రాయాలి. తర్వాత 10 నిమిషాలు మాట్లాడుకునేటప్పుడు 'బాగుంది', 'బాగాలేదు' అన్న మాటలు నిషేధం. జపాన్ బడుల్లో దశాబ్దాలుగా నడుస్తున్న పాఠ అధ్యయనం అనే పద్ధతిలో కూడా పరిశీలకుల కన్ను పిల్లల మీదే ఉంటుంది. అందుకే అక్కడ టీచర్లు తమ తరగతి తలుపు తీయడానికి జంకరు. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశానికి వెళ్ళేటప్పుడు కూడా మోడల్ పాఠం చార్టులకు బదులు ఐదు తప్పు చీటీలు, పేర్లు కనబడకుండా, పట్టుకెళ్ళండి. 'ఈ పిల్ల ఏమనుకుని ఇలా రాసింది' అన్న ఒక్క ప్రశ్న మీద పదిమంది లెక్కల టీచర్లు అరగంట మాట్లాడగలరు.

ఇప్పుడు కోర్సుల సంగతి. జాతీయ విద్యా విధానం 2020 ప్రతి టీచరూ ఏడాదికి కనీసం 50 గంటలు వృత్తిపరమైన అభివృద్ధికి ఇవ్వాలంటోంది. గంటలు నిండటం వేరు, నేర్చుకోవడం వేరని మీకు ఇప్పటికే తెలిసింది. ఇకనుంచి ఒకసారికి ఒకే కోర్సు, అది కూడా మీ నోట్‌బుక్‌లోని ఒక ప్రశ్నకు సంబంధించినదే తీసుకోండి. దీక్షలో కంటెంట్‌ను ఫోన్లోకి దించుకోవచ్చు కాబట్టి ఇంట్లో వైఫై ఉన్నప్పుడు దించుకుని బస్సులో చూడండి. 5 నిమిషాలకోసారి వీడియో ఆపి, చూడకుండా రెండు వాక్యాలు రాయండి. పిల్లలకు పనిచేసేదే మనకూ పనిచేస్తుంది. కోర్సు అయ్యాక, తరగతిలో వాడే ఒక్క మార్పు రాసుకుని, దానికి తేదీ వేయండి. తేదీ లేని మార్పు జరగదు. స్వయం అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వేదికలోని కోర్సులు చదవడం ఉచితమే. సర్టిఫికెట్ పరీక్షకు మాత్రం రుసుము ఉంటుంది, మీకు నేర్చుకోవడమే కావాలంటే అది కట్టనక్కర్లేదు.

పీడీఎఫ్‌లన్నీ తీసేయండి. గ్రూపులను మ్యూట్ చేసి, ఆఫీసు ఆదేశాలు వచ్చే ఒక్క గ్రూపు ఉంచుకోండి. అవసరం వచ్చినప్పుడు మీరు వెతికి తెచ్చుకున్న కాగితం పనికొస్తుంది. వచ్చి పడింది పనికిరాదు.

ఇంగ్లిష్ గురించి మీరు అవసరానికి మించి దిగులు పడుతున్నారు. ద్విభాషా పుస్తకంలో ఎదురెదురు పేజీల్లో ఉన్న తెలుగూ ఇంగ్లిషూ మీకు దొరికిన మంచి శిక్షకుడు. ప్రతి అధ్యాయం మొదలుపెట్టే ముందు ఇంగ్లిష్ పేజీలోంచి 12 మాటలకు మించకుండా ఏరి, ఒక్కోదానికీ తెలుగు మాట, ఒక ఉదాహరణ, ఉదాహరణ కానిది ఒకటి రాయండి. 'లైక్ టర్మ్స్' అంటే సజాతి పదాలు, 'హోల్ నంబర్స్' అంటే పూర్ణాంకాలు, 'ఇంటిజర్స్' అంటే పూర్ణసంఖ్యలు. ఈ చివరి రెండూ తెలుగులోనే పిల్లల్ని తికమక పెడతాయి. అక్కడ ఇంగ్లిష్ మాటే తేడాను స్పష్టంగా పట్టిస్తుంది. ఉచ్చారణ అనుమానమైతే ఫోన్ నిఘంటువులో స్పీకర్ బొమ్మ నొక్కి మూడుసార్లు వినండి. తరగతిలో వరస ఇలా ఉండాలి: ఆలోచన ముందు తెలుగులో, ఇద్దరిద్దరుగా. ఆ తర్వాత బోర్డు మీద మీరు సగం రాసి ఇచ్చిన ఇంగ్లిష్ వాక్యాన్ని వాళ్ళు పూర్తి చేయాలి. ముందే ఇంగ్లిష్‌లో అడిగితే వచ్చేది మౌనం, అది లెక్క రాక వచ్చిన మౌనమో, భాష రాక వచ్చిన మౌనమో మీకు తెలియదు.

మీ తరగతిలో ఐఎఫ్‌పీ ప్యానెల్ (వేలితో నడిపే పెద్ద తెర) ఉంటే దాని మీద జియోజీబ్రా అనే లెక్కల యాప్ ఒక్కటి నేర్చుకోండి, చాలు. ఉచితం, యాప్ వేసుకుంటే నెట్ లేకుండా కూడా నడుస్తుంది. త్రిభుజం గీసి, కోణాలు కొలిచి, ఒక శీర్షాన్ని లాగండి. రెండు చోట్ల తడబడతారు. కోణం కొలిచేటప్పుడు బిందువులను తిరగేసిన వరసలో నొక్కితే 60కి బదులు 300 చూపిస్తుంది. వరస మార్చి నొక్కితే సరి. కొలతలను పూర్ణాంకాలకు సవరించి చూపిస్తుంటే మూడు కోణాల మొత్తం 181 కూడా రావచ్చు. దశాంశ స్థానాలు పెంచండి. పెంచేముందు 'ఇదేంటి 181?' అని పిల్లల్నే అడగండి, మంచి చర్చ అవుతుంది. చాట్‌జీపీటీ, జెమినై లాంటివాటితో అభ్యాస లెక్కలు రాయించుకోవచ్చు. ఒక్కో లెక్కా మీరు చేసి చూసుకున్నాకే ఇవ్వండి, అవి ధీమాగా తప్పులు చేస్తాయి, మన పుస్తకంలో లేని తెలుగు పదాలు వాడతాయి. పిల్లల పేర్లు, మార్కులు అందులో పెట్టకండి.

ఇవన్నీ ఒకేసారి మొదలుపెడితే మూడో వారానికి అన్నీ ఆగిపోతాయి. మొదటి 6 వారాలు ఎనిమిదో తరగతి ఒక్కదాంట్లో చీటీలు, నోట్‌బుక్ మాత్రమే. తర్వాతి 6 వారాలకు మొదటి 5 నిమిషాల లెక్కలు కలపండి. రికార్డింగు, తోటి టీచరు, ప్యానెల్ ఆ తర్వాతే. పదో తరగతితో అసలు మొదలుపెట్టకండి. అక్కడ సిలబస్ తొందర, పరీక్షల ఒత్తిడి కొత్త అలవాటును బతకనివ్వవు. సంక్రాంతి తర్వాత మిర్చి కోతలకు పిల్లలు బడి మానే రోజులకు కూడా ముందే సిద్ధపడండి. చీటీల రోజు రానివాళ్ళ రోల్ నంబర్లు నోట్‌బుక్‌లో వేసుకోండి. తిరిగొచ్చిన పిల్లకు ఆ వారం తప్పిపోయిన రెండు చీటీల లెక్కలు ఇస్తే, ఎక్కడ్నుంచి అందుకోవాలో ఆమెకూ మీకూ తెలుస్తుంది.

ట్యాబ్ ఇప్పుడు కొనవద్దు. పైన చెప్పిన వాటిలో మీ ఫోన్‌తో కానిది ఒక్కటీ లేదు. ఒక ఏ4 కట్ట, 20 ఫైల్ కవర్లు, 20 మార్కర్లు, ఒక లాంగ్ నోట్‌బుక్ కొనండి. సోమవారం ఎనిమిదో తరగతి పీరియడ్ చివర 6 నిమిషాలు ఉండగా –3 – 5 బోర్డు మీద రాయండి. మూడు కుప్పల్లో ఎన్నెన్ని చీటీలు వచ్చాయో మాకు రాస్తే, మర్నాటి పాఠం గురించి మాట్లాడుకుందాం.